అర్హతపోటీ ఎక్కడ మొదలగును?

(అనంతపురమునందలి ఒక పఠనమందిరమున చేసిన ప్రసంగ పాఠము)



2025 నవంబరు 30వ తేదీన అహమ్మదాబాదు నగరమున పదునేడేండ్లలోపు భారత బాలుర ఫుట్‌బాల్ జట్టు ఇరాను జట్టును 2–1 గోల్స్‌తో ఓడించి, 2026 ఆసియా కప్పు పోటీలకు అర్హత సంపాదించెను. అంతకు ఆరు వారములు ముందుగా, అక్టోబరు 17న, కిర్గిజ్ దేశపు రాజధానియగు బిష్కెక్‌లో మన బాలికల జట్టు ఉజ్బెకిస్తాను జట్టును అదే 2–1 లెక్కతో గెలిచి, తమ ఆసియా కప్పులో చోటు దక్కించుకొనెను. రెండు ఆటలలోను మనవారే మొదట వెనుకబడిరి. రెండింటను మనవారే తిరిగి లేచిరి. మన పట్టణమున ఈ వార్తలు చదివినవారెందరు? చదివినవారిలో మరునాటికి జ్ఞాపకముంచుకొన్నవారెందరు? క్రికెట్ జట్టు ఓడిన వార్తకు మన వీధి అరుగులమీద లభించు చర్చలో పదియవ వంతైనను ఫుట్‌బాల్ జట్టు గెలిచిన వార్తకు లభింపదు. నిందించుటకు ఈ మాట చెప్పుట లేదు. ఉన్న స్థితి ఇది.

అర్హతపోటీ యన్నది సామాన్యజనుల దృష్టికి రాని పోరాటము. పెద్ద పోటీ జరుగునపుడు దీపములు, పత్రికలు, మంత్రులు అందరును చేరుదురు. దానికి ముందు జరుగు వడపోతను చూచువారు కొలదిమంది. 2026 బాలుర ఆసియా కప్పున పదునారు జట్లకు చోటు. అందు తొమ్మిది జట్లు 2025 ప్రపంచకప్పున ఆడినవి కావున నేరుగా ప్రవేశించినవి. తక్కిన ఏడు చోట్లకై జట్లను ఏడు వర్గములుగా విభజించిరి. వర్గమున మొదట నిలిచినవారికే ప్రవేశము. రెండవవారికి మరియొక ద్వారము లేదు. మన వర్గమున ఇరాను, పాలస్తీనా, లెబనాను, చైనీస్ తైపే జట్లుండెను. పాలస్తీనాతో 1–1గా సమమైతిమి. తైపేను 3–1తో గెలిచితిమి. లెబనానుకు 0–2తో ఓడితిమి. కడపట ఇరాను మిగిలెను. గెలుపు తప్ప వేరేదియు మనకు చాలని స్థితి. ఇరానువారే మొదటి గోలు వేసిరి. మొదటి భాగము ముగియు వేళకు డల్లాల్‌మువాన్ గాంగ్టే పెనాల్టీ కిక్కుతో లెక్క సమము చేసెను. రెండవ భాగము ఆరంభమైన కొలది సేపటికే గున్‌లైబా వాంగ్‌ఖైరక్‌పామ్ రెండవ గోలు వేసెను. ఇరువురును మణిపురపు బాలురు. ఈ మాటను మనసున ఉంచుకొనుడు. దీనితో మనకు పని కలదు.

ఈ విజయమును మేమింత గొప్పగా ఎంచుటకు కారణము చెప్పెదము. 2017 అక్టోబరులో పదునేడేండ్లలోపు ప్రపంచకప్పు మన దేశమున జరిగెను. భారత జట్టు ఆడెను. అమెరికాకు 0–3తో, కొలంబియాకు 1–2తో, ఘనాకు 0–4తో ఓడెను. కొలంబియాపై జీక్సన్ సింగ్ వేసిన గోలు ఫుట్‌బాల్ ప్రపంచకప్పులలో భారతదేశపు మొదటి గోలు. 2022లో బాలికల ప్రపంచకప్పు భువనేశ్వరము, గోవా, నవీ ముంబయిలలో జరిగెను. మన బాలికలు మూడాటలును ఓడిరి, ఒక గోలైనను వేయలేకపోయిరి. ఆ బాలబాలికలను తక్కువ చేయుట మా తలంపు కాదు. కాని రెండు పర్యాయములును మనకు లభించినది ఆతిథేయుల చోటు. విందు పెట్టిన గృహస్థు పంక్తిలో కూర్చుండుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. పొరుగింటి విందుకు పిలుపు వచ్చుట వేరు మాట. 2025లో మన బాలబాలికలు ఆ పిలుపును తమ కాళ్ళతో సంపాదించిరి. బాలికల విషయమున ఇది మొదటిసారి. 2005లో వారు ఆసియా పోటీలలో ఆడినను అది అర్హతపోటీ దాటి ఆడినది కాదు.

మన పెద్దలలో కొందరు, "తెలుగువారికిని ఫుట్‌బాలునకును ఏమి సంబంధము?" అందురు. ఈ ప్రశ్న చరిత్ర మరచినవారి ప్రశ్న. 1951లోను 1962లోను భారతదేశము ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణపతకము గెలిచినపుడు శిక్షకుడు హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీము. 1956 మెల్‌బోర్ను ఒలింపిక్సున మనజట్టు నాలుగవ స్థానమున నిలిచినపుడును శిక్షకుడు ఆయనయే. ఆయన తీర్చిన హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును గెలిచెను. సికిందరాబాదు బాలుడు తులసీదాసు బలరాము రెండు ఒలింపిక్సులలో ఆడెను. ఇక యువజనుల పోటీలనే తీసికొందము. 1974లో బ్యాంకాకున జరిగిన ఆసియా యువజన పోటీలో భారతజట్టు ఇరానుతో 2–2గా సమమై కప్పును పంచుకొనెను. ఆ జట్టునకు నాయకుడు హైదరాబాదు యువకుడు షబ్బీరు అలీ. ఆసియాలో అగ్రస్థానమున నిలిచిన ఆ జట్టునకు పోదమన్నను ప్రపంచపోటీ లేదు. యువజనుల ప్రపంచపోటీ 1977లో ట్యునీసియాలో గాని మొదలు కాలేదు. మనము గెలిచిననాడు తలుపు లేదు. తలుపు పెట్టిననాటికి మనము వెనుకబడితిమి. 2018లో మలేషియాలో పదునారేండ్లలోపు బాలురు ఆ తలుపు దాక పోయిరి. ఇరానుతోను ఇండోనేషియాతోను సమముగా నిలిచి, వియత్నామును గెలిచి, క్వార్టరు ఫైనలున దక్షిణ కొరియాకు ఒకే గోలుతో ఓడిరి. ఆ ఒక్క ఆట గెలిచియున్నచో 2019 ప్రపంచకప్పునకు స్వశక్తితో పోయెడివారు.

ఇప్పుడు తలుపు వెడల్పైనది. 2025 మొదలుకొని బాలుర ప్రపంచకప్పు ఏటేట జరుగును. నలుబది యెనిమిది జట్లకు చోటు కలదు. ఆసియా కప్పున క్వార్టరు ఫైనలు చేరిన ఎనిమిది జట్లును అందు ప్రవేశించును. కావున మన బాలురకు అవకాశము లేదని ఎవ్వరును ఇకమీదట అనరాదు. అడుగవలసిన ప్రశ్న వేరు. ఆ జట్టులో మన సీమ బాలుడు ఉండునా?

2017 ప్రపంచకప్పున ఆడిన భారతజట్టున ఇరువదియొక్క మంది ఉండిరి. వారిలో ఎనమండుగురు మణిపురమువారు. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల బాలుడు ఒక్కడును లేడు. 2011 జనాభా లెక్కల ప్రకారము మణిపుర రాష్ట్రమంతటి జనసంఖ్య సుమారు 28 లక్షలు. అదే లెక్కలలో నాటి మన అనంతపురము జిల్లా జనసంఖ్య 40 లక్షలకు మించినది. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడకముందటి మాట ఇది. మణిపుర బాలుని ఎముకలు మన బాలుని ఎముకలకంటె గట్టివా? వాని తల్లిదండ్రులు మనవారికంటె ధనవంతులా? కాదు. అక్కడ పేటపేటకు ఒక క్లబ్బు, ఊరూర ఒక మైదానము, సాయంకాలము బంతి తన్నుట పిల్లల నిత్యకృత్యము. ఎనిమిదేండ్లవాడు పదేండ్లవానితోను, పదేండ్లవాడు పదునాలుగేండ్లవానితోను ఆడి పెరుగును. దేశపు జట్టునకు ఆటగాండ్రను ఏరువారు అక్కడికి పోవుటలో ఆశ్చర్యమేమున్నది?

మన సీమ సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు. నైరుతి ఋతుపవనము పడమటి కనుమల కావల తన నీటిని కుమ్మరించి వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమున అలసి వచ్చును. రెండింటి నడుమ మనకు దక్కునది ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. దానిని నమ్ముకొని వేరుసెనగ వేయుదుము. ఇట్టి నేలలో, మన ప్రయత్నము లేకయే, మంచి ఆటస్థలములు వెలసినవి. స్పెయిన్ దేశమున బార్సిలోనాలో పుట్టిన విన్సెంటు ఫెర్రరు 1969లో, తరువాత తన భార్యయైన ఆన్నతో కూడ ఇచ్చటికి వచ్చి, జనులు ఆర్డీటీ యని పిలుచు సంస్థను స్థాపించెను. 2009లో ఇచ్చటనే కన్నుమూసెను. ఆ సంస్థవారు ఈ పట్టణమున క్రీడాగ్రామమును నెలకొల్పిరి. 2010లో టెన్నిసు వీరుడు నదాలు తన పేరిట పాఠశాలను అక్కడ తెరచెను. స్పెయిన్ ఫుట్‌బాల్ లీగువారు ఈ సీమ బాలబాలికల ఫుట్‌బాలునకు చేయూతనిచ్చిరి. 2024 సెప్టెంబరులో క్రికెట్ దిలీపు ట్రోఫీ ఆటలు ఆ సంస్థ మైదానమున జరుగగా దేశమంతయు అనంతపురము పేరు విన్నది.

దీనిని తలచినపుడు మాకు కృతజ్ఞతయు లజ్జయు ఒక్కసారే కలుగుచున్నవి. కృతజ్ఞత ఎందుకో వేరుగ చెప్పనక్కరలేదు. లజ్జకు కారణమిది: స్వదేశాభిమానము నోరార చెప్పుకొను మనము, మన పిల్లలు పరుగెత్తుటకు నేల చదును చేయించు పనిని మరియొక దేశపువారి దానమునకు వదలితిమి. 2025లో ఆ సంస్థకు విదేశ విరాళముల అనుమతి విషయమున చిక్కు ఏర్పడినపుడు జిల్లా ప్రజలు ఊరేగింపులు తీసిరి. పల్లెల ఆడవారు సైతము వీధికెక్కిరి. మేమును సంతోషించితిమి, ఇన్నాళ్ళకు జనులు తమకు మేలు చేసినదానిని గుర్తించిరి గదా యని. కాని ఆ ఊరేగింపులు చూచుచు ఒక సందేహము మమ్ము బాధించెను. ఎక్కడనో ఒక కాగితముమీద పడవలసిన ముద్ర ఆలస్యమైనచో మన పిల్లల ఆట నిలిచిపోవలసినదేనా? పురపాలక సంఘములున్నవి, ఉన్నత పాఠశాలలున్నవి, వర్తక సంఘములున్నవి, సినిమాశాలలకు సొమ్ము పెట్టిన శ్రీమంతులున్నారు. వీరిలో ఒక్కొక్కరును ఒక్కొక్క పేట మైదానమును పోషింపజాలరా?

"త్రాగుటకు నీరులేని చోట గడ్డి పెంచుటకు నీరా?" అను ఆక్షేపణ మాకు తెలియును. బోరుబావులు వందల అడుగులు దిగి ఎండుచున్న సీమలో అది న్యాయమైన ఆక్షేపణయే. దానికి మా సమాధానము: పిల్లల ఆటకు పచ్చిక అక్కరలేదు. మన ఎఱ్ఱనేల చాలును, గులకరాళ్ళు ఏరివేసి చదును చేసినచో. పన్నెండేండ్లలోపు పిల్లలకు పెద్దల మైదానమంత స్థలముకూడ వలదు. ఏడుగురికి ఏడుగురు ఆడుటకు అందులో సగముకంటె తక్కువ చాలును. అయితే ఒక సత్యమును దాచరాదు. అంతర్జాతీయ పోటీలు పచ్చికమీదనో కృత్రిమపు పచ్చికమీదనో జరుగును. గట్టినేలమీద బంతి ఎత్తుగా ఎగిరి దూరముగా పోవును. పచ్చికమీద తక్కువ ఎగిరి నిదానించును. ఎఱ్ఱనేలమీదనే పెరిగిన బాలుడు మొదటిసారి పచ్చికమీద నిలిచినపుడు బంతి ఎక్కడ ఆగునో అంచనా వేయలేక తడబడును. కావున ఊరూర మట్టిమైదానము, నియోజకవర్గమునకు ఒక్క పచ్చికమైదానము ఉండవలెనని మా అభిప్రాయము. పట్టణపు వాడుకనీటిని శుద్ధిచేసి ఆ ఒక్కదానికి పెట్టవచ్చును. త్రాగునీటినుండి చుక్కయు తీయనక్కరలేదు. నీరు లేదను సాకు ఎంతమాత్రము నిలువదో ఉజ్బెకిస్తాను చూపినది. అది ఎడారులు నిండిన దేశము. జనసంఖ్యలో మన ఆంధ్రప్రదేశముకంటె చిన్నది. 2025 ఏప్రిలులో ఆ దేశపు పదునేడేండ్లలోపు బాలురు సౌదీ అరేబియాను దాని స్వంతగడ్డమీద, అందును తొమ్మండుగురితో ఆడి, ఓడించి ఆసియా కప్పు గెలిచిరి.

నీటికంటె పెద్ద అడ్డంకి వలస. ఈ విషయమున కొంచెము నిలువవలసియున్నది. జూన్, జూలైలలో విత్తిన వేరుసెనగ అక్టోబరు, నవంబరులలో చేతికి వచ్చును. చేతికి వచ్చిన ఏట కాయలు ఒలుచుటకు ఇంటిలో ప్రతి చెయ్యియు కావలయును. రాని ఏట కుటుంబము మూటకట్టుకొని బెంగుళూరు బస్సెక్కును. పిల్లవాడును వెంట పోవును. ఇప్పుడు అర్హతపోటీల తేదీలు మరల చూడుడు: బాలికలకు అక్టోబరు, బాలురకు నవంబరు. పంట పండినను ఎండినను మన పిల్లవాడు మైదానమున లేని మాసములవి! పోటీల తేదీలను మనము మార్చలేము. ఒక జట్టు రెండేండ్లు కలిసి ఆడినగాని ఒకరి పాదము ఒకరికి తెలియదు. జూన్‌లో పదునైదుగురుండి డిసెంబరునకు ఆర్గురు మిగులు జట్టును ఏ శిక్షకుడు నిలుపగలడు? వలసపోవు కుటుంబముల పిల్లలకు ఆ నాలుగు నెలలు ఊరిలోనే తిండియు పండుకొనుటకు చోటును చూపు కాలవసతులు ప్రభుత్వ పద్ధతిలో ఉన్నవి. అట్టి వసతి పాఠశాల మైదానమునకు దగ్గరగా ఉండునట్లు చూచుట పెద్దల పని. ఇది బంతియాటకొరకు మాత్రమే కాదు. చదువునకును ఇదియే ఆధారము.

మరియొక మాట కొందరికి కటువుగా తోచవచ్చును. వయస్సు దాచుట. బడిలో చేర్చునపుడు పంతులుగారు తోచిన తేదీని వ్రాయుదురు; తల్లిదండ్రులు, ఉద్యోగమునకు పనికివచ్చునని, రెండేండ్లు తగ్గింపుమందురు. పిల్లవాడు పదునెనిమిదేండ్లవాడై పదునారేండ్లవారితో ఆడి మూడు గోల్సు వేయును. ఊరంతయు చప్పట్లు కొట్టును. ఆ చప్పట్లు మోసమునకు కొట్టినవి. పదునారేండ్లవాడు తన చోటు కోల్పోయి ఇంటికి పోవును. వాడు మరల రాడు. పెద్దవాడును ముందుకు పోలేడు. 2009 నైజీరియా ప్రపంచకప్పు మొదలుకొని బాలుర పోటీలలో మణికట్టును ఎంఆర్ఐ యంత్రముతో చిత్రించి చూచుచున్నారు. ఎముక చివరనున్న పెరుగుదల పలక పూర్తిగా అతుక్కొనిపోయినచో ఆ బాలుడు ఆటకు తగడు. కాగితము ఒప్పుకొన్నను ఎముక ఒప్పుకొనదు. 2026 పోటీలకు 2009 జనవరి 1 తరువాత పుట్టినవారే అర్హులు. ఆ లెక్కన 2032 పోటీలలో ఆడవలసినవాడు 2015 జనవరి 1 తరువాత పుట్టినవాడు. వాడిప్పుడు ఐదవ తరగతిలోనో ఆరవ తరగతిలోనో ఉన్నాడు. వాని జననపు తేదీ సరిగ వ్రాయబడినదా? చట్టప్రకారము ఇరువదియొక్క దినములలో జననము నమోదు చేయింపవలెను. ఊరూర సచివాలయములున్నవి. ఇది ఆటకు మొదటి మెట్టనిన నవ్వువారుండవచ్చును, నవ్వనిండు.

బాలికల సంగతి ఇంకను బరువైనది. పదునేడేండ్లలోపు జట్టునకు ఎన్నిక జరుగునది పదునైదు, పదునారేండ్లకు. మన పల్లెలలో సంబంధములు వెదకు వయస్సును అదియే. చట్టము పదునెనిమిది యనినను, కరవు ఏట అప్పుల భయముతో ఒక నోరు తగ్గునని ముందే పెండ్లి చేయు ఇండ్లు మనకు తెలియనివి కావు. బంతి తన్ను పిల్లకు ఎవరు పెండ్లిచేసికొందురని తల్లి భయపడును. మోకాలు కనబడు దుస్తులని మేనమామ కోపపడును. నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య 2022లో క్రొయేషియా దేశమునకు పోయి అక్కడి డైనమో జాగ్రెబు జట్టులో ఆడినదని ఆ మేనమామకు చెప్పవలెను. బిష్కెక్‌లో ఉజ్బెకులు మొదటి భాగమున ముందంజవేసినను, రెండవ భాగమున రెండు గోల్సు వేసి గెలిచిన పిల్లలు ఝార్ఖండు, బెంగాలు వంటి రాష్ట్రముల పేద ఇండ్లనుండి వచ్చినవారే. జట్టులో పేరున్న పిల్లకు పెండ్లి రెండేండ్లు ఆగును. ఆ రెండేండ్లలో పదియవ తరగతి దాటును. మాకు తెలిసినంతవరకు ఈ సీమలో ఫుట్‌బాల్ చేయగల మేళ్ళలో ఇది కప్పుకంటె పెద్దది.

1911లో కలకత్తాలో మోహన్ బగాను జట్టువారు ఒక్కరు తప్ప తక్కినవారందరు ఉత్తపాదములతో ఆడి ఆంగ్ల సైనికుల జట్టును ఓడించినపుడు దేశమంతయు పొంగెను. ఆ కథను మనము ఇప్పటికిని చెప్పుకొందుము. చెప్పుకొనుట మంచిదే. కాని ఉత్తపాదములు నాటి వీరత్వము. నేటి బాలునికి బూట్లు లేకుండుట మన అశ్రద్ధ. బూట్లు, ఆట పిమ్మట ఒక గ్రుడ్డు, గుప్పెడు మన వేరుసెనగలు, ఒక బెల్లపుముక్క, ఇవి సమకూర్చుటకు స్పెయిన్ దేశము పోనక్కరలేదు. పాఠశాలల ప్రధానోపాధ్యాయులు సాయంకాలము ఐదుగంటలకు గేటునకు తాళము వేయించుచున్నారు. ఏడింటివరకు తెరచియుంచుటకు జిల్లా విద్యాధికారిగారికి అర్జీ వ్రాసియున్నాము. అది ఈ బల్లమీదనే ఉన్నది; సంతకములు చేయువారు చేయవచ్చును.

ఈ మందిరపు వెనుకనున్న ఖాళీస్థలమును నిన్న కొలిపించితిమి. పొడవు అరువది గజములు, వెడల్పు నలుబది. తూర్పుమూల తుమ్మపొదలు, నడుమ కూలిన గోడరాళ్ళు ఉన్నవి. కార్యవర్గమువారు అనుమతించిరి. వచ్చు ఆదివారము ఉదయము ఆరుగంటలకు పని మొదలుపెట్టుదము. ఎండ ముదరకముందే రాళ్ళు తీయవచ్చును. పార, గంప ఉన్నవారు వెంట తెండు.